పలకకు అవతలివైపు

కిటికీలో బిగించే చెక్కడపు రాతిపలకను చూసేవాళ్లు జాలకం అంటారు. ఆ పువ్వులూ తీగలూ ఎంత బాగున్నాయో అని తలలూపి వెళ్లిపోతారు. దాన్ని చెక్కే పెద్దాయనకూ అతని తమ్ముడికీ మాత్రం జాలకమంటే ఆ రాయి కాదు, రాయిలో పడ్డ కన్నం. "జాలకం పడిందా?" అని ఒకరినొకరు అడిగితే, వెలుతురు అవతలికి దూరిందా అని అర్థం. మిగతా సింగారమంతా వాళ్ల దృష్టిలో ఉత్త అంచు.

కన్నాన్ని ఒకవైపు నుంచే తొలిస్తే రెండోవైపు పెచ్చులూడుతుంది. అందుకని పలకను నిలబెట్టి ముందు పెద్దాయన, వెనక తమ్ముడు చెరో సగం లోతు చెక్కి మధ్యలో కలిసేవారు. ఒకరి మొహం ఒకరికి కనబడదు. అవతలి సుత్తి చప్పుడు వింటూ పోవడమే. ఎదురుపడితే కీచులాడుకునే అన్నదమ్ములు, రాయి అడ్డముంటే అంత బాగా కలిసేవారు.

ఆ రాతిపొడే తమ్ముడి ఛాతీలో పేరుకుపోయింది. ఇక రాతిపని షెడ్డు గడప తొక్కొద్దని డాక్టరమ్మ ఖరాకండిగా చెప్పింది. పెద్దాయన ఒక్కడే ముందు కొంత చెక్కి, పలకను తిప్పించి, వెనక కొంత చెక్కాడు. ఒక్క కన్నమూ కలవలేదు. రెండువైపుల గుంటలూ ఎడమొహం పెడమొహంగా ఉండిపోయాయి.

వాళ్లకు పని ఇచ్చే మేస్త్రీ మంచివాడు. అదే వచ్చిన చిక్కు. తిట్టేవాడైతే ఎదురు తిట్టి తేలికపడొచ్చు.

"కొత్త పలక ఇస్తాను పెద్దాయనా. ఇది కూడా కుదరకపోతే మిషను మీద కోయించి బిగిస్తా. ఆ తర్వాత చేతిపని ఇక ఉండదు, ఏమీ అనుకోకు."

అనుకోకుండా ఎలా ఉంటాడు? వేరే పని చేతకాదు, నేర్చుకునే ఓపికా లేదు. భుజం దిగలాగేస్తోంది. అయినా కొత్త పలక ముందు కూలబడి ఉలి ఆనించాడు. నాలుగు దెబ్బలు వేశాడో లేదో, వెనకనుంచి టక్కుమంది.

తొంగిచూశాడు. మూతికి తడిగుడ్డ కట్టుకుని తమ్ముడు.

"ఎవరు రమ్మన్నార్రా నిన్ను? నీ పెళ్ళాం ఎలా వదిలింది?"

"కునుకు తీస్తోంది. నీ ఉపన్యాసం ఆపి కొట్టన్నా."

వెళ్లగొట్టాల్సింది. పెద్దాయన వెళ్లగొట్టలేదు. పని పోతుందన్న భయం అతని నోరు కట్టేసింది. ఇటు దెబ్బ, అటు దెబ్బ, పాత లెక్కలోనే సాగింది. కాసేపటికి ఉలి మొన తేలికైంది. చిన్న వెలుతురు చుక్క. అంచు చెక్కుచెదరలేదు.

"పడిందిరా జాలకం!" అని చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు.

ఆ కన్నంలోంచి దగ్గు వచ్చింది. ఆగని దగ్గు. పెద్దాయన కన్ను ఆనించి చూశాడు. తమ్ముడు నేలమీద ముడుచుకుపోయి, గుడ్డను నోటికి అదుముకుని, ఇంకో చేత్తో కొట్టు కొట్టు అని సైగ చేస్తున్నాడు.

పెద్దాయన సుత్తి కింద పెట్టాడు.

"ఏమైందన్నా? ఇంకా బోలెడు కన్నాలున్నాయి," అన్నాడు తమ్ముడు దగ్గు మధ్యలోనే.

"చెయ్యి నొప్పిగా ఉందిరా. ఇక నావల్ల కాదు. ఇంటికి పోదాం పద."

ఇన్నేళ్లలో ఆ మాట అతని నోట వినలేదు తమ్ముడు. నమ్మలేదు కూడా. లేవడానికి చెయ్యి మాత్రం అందించాడు.

దారిలో మేస్త్రీ ఎదురయ్యాడు.

"మిషనుదే బిగించెయ్యి," అన్నాడు పెద్దాయన. నొప్పిగా ఉందన్న చేతినే తమ్ముడి నడుం చుట్టూ వేసి, మోసుకుపోతున్నట్టే నడిపించుకుపోయాడు.