బఠానీ ఎక్కితేనే లేచే గుర్రాలు

మా మరిది పోయాడని పొద్దున పూట ఫోన్ వచ్చింది. ఆయన బిడ్డ చేసింది. తుర్కయంజాల్‌లో ఆమె దగ్గరే ఉండేవాడు. "పెద్దమ్మా, నాయిన లేడు. చాయ్ తాగి అట్లనే గోడకు ఒరిగిండు" అన్నది. ఫోన్ మోగినప్పుడల్లా ఎవరికేమైందోనని గుండె పట్టుకునే మనిషిని నేను. నిజంగా అలాంటి ఫోన్ వచ్చిన రోజు మాత్రం పాలగిన్నె దించి, మంట ఆర్పి, "గుర్రం ఏమన్న తిన్నదా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. "తింటలేదు పెద్దమ్మా" అన్నది ఆ పిల్ల.

మీలో కొందరు ఆయనను చూసే ఉంటారు. చంపాపేట్ నుంచి సాగర్ రోడ్డు దాకా ఫంక్షన్ హాళ్లలో, పిల్లల పుట్టినరోజులకు, రెండు పొట్టి గుర్రాలతో, ఒక చిన్న కుక్కతో ఆట ఆడించే బక్క మనిషి. ఎండాకాలమైనా మెడలో మఫ్లర్ ఉండేది. నేను ఐదో తరగతి దాటలేదు, ఆయన గురించి పెద్ద మాటలు రాయలేను. చూసింది చెబుతాను.

మాది పోచంపల్లి వైపు మగ్గాల ఊరు. మా ఇంట్లో మగవాళ్లంతా మగ్గం మీద కూర్చుంటే, మా మరిది మాత్రం సర్కస్ గుడారాలు కుట్టే పనికి పోయాడు. గుడారాల తర్వాత గుర్రాల మీద కప్పే బట్టలు కుట్టాడు. కొలతలు తీసుకుంటూ తీసుకుంటూ వాటి పక్కనే ఉండిపోయాడు. ఆ సర్కస్ ఎత్తేసిన ఏడాది రెండు గుర్రాలను నడిపించుకుంటూ మన్సూరాబాద్‌లోని మా ఇంటికి వచ్చాడు. తెల్లది చాందిని, ఎర్రది గులాబీ. చొక్కాలోంచి ఒక కుక్క తల బయటికి కనిపించింది. దాని పేరు బఠానీ. మా ఇంటి వెనక ఖాళీ జాగాలో రేకుల షెడ్డు వేసుకుని ఉంటానన్నాడు. మా ఆయన అన్న కదా, కాదనలేదు. నాకు మాత్రం ఆ రోజు నుంచి దిగులే. గుర్రం తంతే? కుక్క కరిస్తే? వాడకట్టువాళ్లు కంప్లైంట్ ఇస్తే?

"ఒదినె, నీ పరేషాన్లల్ల సగం గీ గుర్రాలకు వెయ్యి, నమిలి పడేస్తయ్" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో.

ఆయన ఆటల్లో పిల్లలు ఎక్కువ ఇష్టపడేది సలాం ఆట. ఈల ఊదగానే గుర్రాలు రెండూ పక్కపక్కనే ముందుకాళ్లు మడిచి, తలలు వంచి అలాగే ఉండేవి. పిల్లలు చేతులు వేసినా, చెవులు పట్టి లాగినా కదిలేవి కావు. అలా ఉండాలనే నేర్పాడు. బఠానీ ఉరికొచ్చి చాందిని వీపెక్కి, అక్కడి నుంచి గులాబీ వీపు మీదికి దూకితే అప్పుడు లేచేవి. ఒకసారి నేను, "అంతసేపు మోకాళ్ల మీద ఉంటే వాటికి నొప్పి కాదా అయ్యా?" అన్నాను.

"ఎక్కెటోడు ఎక్కకముందే కదిలేది ఆటో, ఒదినె. గుర్రం గాదు" అన్నాడు.

ఢిల్లీ నుంచి తెలంగాణ ఇస్తామన్న మాట వచ్చి, మళ్లీ వెనక్కి పోయిన చలికాలం మీకు గుర్తుండే ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు హాస్టళ్ల పిల్లలంతా రోడ్డు మీదే ఉండేవారు. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో. ఎవరి పిల్లలు ఇంటికి చేరారో లేదోనని నేను గేటు దగ్గరే నిలబడేదాన్ని. ఫంక్షన్లు ఒకటొకటే ఆగిపోయాయి. రోడ్లు మూసేస్తే గడ్డి బండ్లు వచ్చేవి కావు.

మా మరిది పాత చీరలు, దుప్పట్లు కలిపి గుర్రాలకు రెండు బొంతలు కుట్టాడు. మిగిలిన ముక్కతో బఠానీకి కూడా ఒకటి కుట్టాడు. రాత్రంతా ఆ కుక్క రెండు గుర్రాల మధ్యలో ముడుచుకుని ఉండేది. తెల్లవారి మంచులో వాటి ముక్కుల నుంచి పొగ వస్తుంటే, ఎవరూ పిలవకపోయినా ఆయన ఈల ఊది ఆట ఆడించేవాడు.

"చూసేటోడు లేడు, గీ ఆట ఎవనికిరా?" అనేవాడు మా ఆయన.

"మరిస్తే మల్ల నేర్పుడు కష్టమన్నా."

"నువ్వు తినెటందుకే లేదు, రెండు గుర్రాలను మేపుతవా? ఇటుకబట్టీ ఆయన అడుగుతుండు గద, ఒకదాన్ని ఇచ్చెయ్."

మా మరిది లేచి వెళ్లి గుర్రాలకు నీళ్లు పెట్టేవాడు. ఇటుకబట్టీలో గుర్రం ఎన్నాళ్లు బతుకుతుందో ఆయనకు తెలుసు. ఒకటి పోతే రెండోది ఆడదు. అది కూడా తెలుసు. ఆ చలికాలం దాటించడమే ఆయనకు కావలసింది. గుగ్గిళ్లు తగ్గించి గడ్డి, గడ్డి తగ్గించి కూరగాయల చెత్త పెట్టాడు. పక్కింట్లో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన ఆవిడ ఉండేది. కాలీఫ్లవర్ ఆకులు గోడ మీద నుంచి అందించేది. "పిన్నిగారూ, రేపు బంద్ అంటున్నారు. మా జోలికి ఎవరూ రారు కదండీ?" అని నన్ను అడిగేది. నాకే ధైర్యం లేదు. మా మరిదే గోడ అవతలికి వినబడేలా, "గుర్రాలకు ఆకులేసిన చెయ్యి అక్కా, ఎవడస్తడో రానియ్యి" అనేవాడు.

ఒకరోజు వాడకట్టు కుర్రవాళ్లు వచ్చారు. "అన్నా, ఎల్లుండి ఎల్బీనగర్ చౌరస్తాల ర్యాలీ. నీ గుర్రాలకు జెండాలు గట్టి ముందట నడిపిద్దాం. బండెడు గడ్డి తెప్పించే పూచీ మాది" అన్నారు. బండెడు గడ్డి అంటే గుర్రాలకు చలి పోయేదాకా తిండి. ఇటుకబట్టీ ఆయనకు జవాబు చెప్పినట్టే. మా మరిది సరేనన్నాడు.

పోయే ముందు బఠానీని నా చేతికిచ్చాడు. "గంత మందిల తొక్కుడువడ్తది ఒదినె, నీ కాడ పెట్టుకో" అన్నాడు. ఈలకు వంగే గుర్రాలను పోలీసుల ముందుకు తీసుకెళ్తున్నామని, ఆ కుక్క లేకుండా తీసుకెళ్తున్నామని ఆయనకూ తట్టలేదు, మాకెవరికీ తట్టలేదు.

ఆ కుక్క ఇంట్లో ఒక్క క్షణం కూర్చోలేదు. గీకుతుంది, ఏడుస్తుంది. దానికి తోడు నేను. చివరికి దాన్ని నా గుడ్డసంచిలో వేసుకుని బయలుదేరాను. ఆ సంచి ఎప్పుడూ నా చేతిలోనే ఉంటుంది. బీపీ మాత్రలు, శాలువా, నీళ్ల సీసా, టార్చిలైటు. ఎప్పుడేం అవసరమొస్తుందో ఎవరికి తెలుసు.

చౌరస్తా దగ్గరికి వెళ్లేసరికి జనం ఆగిపోయి ఉన్నారు. ముందు పోలీసులు అడ్డంగా నిలబడ్డారు. వాళ్ల ముందు, నడిరోడ్డు మీద, చాందిని, గులాబీ మోకాళ్లు మడిచి తలలు వంచి ఉన్నాయి. పోలీసు ఈల ఊదగానే వంగాయట.

"అన్నా, నీ గుర్రాలు సర్కారుకు అమ్ముడువొయినయే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నవ్వులు. ముందున్న కుర్రవాడు నవ్వలేదు. "లేపన్నా, ఇజ్జత్ పోతున్నది. పోలీసోళ్లకు మొక్కుతున్నయేంది?" అని మండిపడుతున్నాడు.

"అవి సీటీకి మొక్కుతయ్ బిడ్డా, పోలీసుకు గాదు" అంటూ మా మరిది కళ్లెం లాగుతున్నాడు, మెడలు నిమురుతున్నాడు. అవి కదలడం లేదు.

"ఎవనివయ్యా ఇవి? పక్కకు తియ్!" అని పోలీసాయన మళ్లీ ఈల ఊదాడు. గుర్రాలు తలలు ఇంకా కిందికి వంచాయి. వెనక నుంచి జనం తోసుకొస్తున్నారు, ముందు నుంచి లాఠీలు లేస్తున్నాయి. మా మరిది లాగడం ఆపేశాడు. మఫ్లర్ తీసి చాందిని కళ్లకు కట్టి, రెండింటి మెడల మీద చేతులు వేసి రోడ్డు మీద కూర్చున్నాడు. తొక్కితే ముందు తనను తొక్కనీ అన్నట్టు.

మూడోసారి ఈల మోగింది. నా సంచిలోంచి బఠానీ దూకింది. బొంత కట్టుకునే ఉంది. జనం కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయి చాందిని వీపెక్కింది. అక్కడి నుంచి గులాబీ మీదికి దూకింది. గుర్రాలు లేచి నిలబడ్డాయి. బఠానీ పైన నిలబడి పోలీసుల వైపు చూస్తూ మొరిగింది.

 ముందున్న కుర్రవాడే చెయ్యెత్తి, "గుర్రాలు లేచినయ్! మనం లెవ్వమా?" అని అరిచాడు. జనం అందుకున్నారు. లాఠీ పట్టుకున్న ఒక పోలీసాయన కూడా మొహం తిప్పుకుని నవ్వాడు.  నేను మాత్రం అక్కడి చెప్పుల దుకాణం మెట్టు మీద కూర్చుని మాత్ర వేసుకున్నాను.

ఇంటికి వచ్చాక మా మరిది చాలాసేపు గుర్రాల కాళ్లు తడుముతూ కూర్చున్నాడు. "కుక్కనే గానక్కర్లే ఒదినె. ఈపు మీద గంత బరువు ఏదివడ్డా లేస్తయ్. నీ సంచి ఏసినా లేస్తుండె. గప్పుడు నా తలకాయ పనిచెయ్యలే" అన్నాడు. తర్వాత తనలో తానే నవ్వుకున్నాడు.

గడ్డి వచ్చింది. తర్వాతి ర్యాలీకి పిలిస్తే పోలేదు. "పిలగాండ్లకు సలాం గొట్టెటందుకు నేర్పిన. లాఠీల ముందట కాదు" అన్నాడు. కుర్రవాళ్లకు ఆ చౌరస్తా ఆట నచ్చినట్టుంది, కోపం తెచ్చుకోలేదు. ఆకులు, తవుడు ఎవరో ఒకరు తెచ్చి గేటు దగ్గర పెట్టి వెళ్లేవారు. ఇటుకబట్టీ ఆయన వచ్చి షెడ్డులోకి తొంగిచూసి వెళ్లిపోయాడు. చలి పోయింది. ఎండలు ముదిరాక బొంతలు విప్పి, ఉతికి, మా డాబా మీద ఆరేశాడు. పెద్దవి రెండు, చిన్నది ఒకటి.

రాష్ట్రం వచ్చింది. మా వెనక జాగాలో అపార్ట్‌మెంట్ లేచింది. ఆయన గుర్రాలతో తుర్కయంజాల్‌కు, బిడ్డ దగ్గరికి వెళ్లాడు. బఠానీ ముసలిదై చనిపోయింది. ఆ రోజు నుంచి ఆయన ఈల ఊదలేదు. తర్వాత చాందిని పోయింది. గులాబీ మిగిలింది. ఆట లేదు, పాట లేదు, పొద్దున దాని పక్కన కూర్చుని చాయ్ తాగేవాడు. నేను ఫోన్ చేసినప్పుడల్లా, చలికి మఫ్లర్ కట్టుకున్నావా అని అడిగేదాన్ని. "నేను గట్టుకున్న, గులాబీకి గట్టిన. నువ్వు నిమ్మళంగుండు ఒదినె" అనేవాడు.

మేం వెళ్లేసరికి పాడె కట్టేశారు. గులాబీని ఇంటి దగ్గర కట్టేస్తే తాడు తెంపుకునేలా ఉందని ఆయన బిడ్డ దాన్ని కూడా పట్టుకుని నడిచింది. డప్పుల వెనక మనుషులు, మనుషుల వెనక గుర్రం. సాగర్ రోడ్డు దాటే చోట ఒక కానిస్టేబుల్ బండ్లను ఆపడానికి ఈల ఊదాడు.

గులాబీ ఆగింది. ముసలి మోకాళ్లు మెల్లగా మడిచి, తల వంచింది.

ఆ పిల్ల కళ్లెం లాగింది, మెడ నిమిరింది, "లే గులాబీ, నాయిన పోతుండు, లే" అని ఏడ్చింది. అటూ ఇటూ బండ్లు హారన్లు కొడుతున్నాయి. పాడె రోడ్డు దాటిపోతోంది. ఆయన అన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. నేను వెళ్లి నా సంచిని గులాబీ వీపు మీద పెట్టాను.

దాని చెవులు ఒకసారి వెనక్కి తిరిగాయి. ఇంకాసేపు అలాగే ఉంది. తర్వాత ఒక కాలు, ఇంకో కాలు కూడదీసుకుని లేచింది. సంచి పడిపోకుండా ఆ పిల్ల దాన్ని జీను తాడుకు చిక్కించింది.

పాడె దించే దింపుడు కల్లం దగ్గర మేం ఆడవాళ్లం ఆగిపోయాం. గులాబీ ఆగనంటే ఎవరో మగవాళ్లు కళ్లెం అందుకున్నారు. నా మాత్రలు, శాలువా అన్నీ సంచిలోనే ఉన్నాయని ఎవరో అన్నారు. పోనీ అన్నాను. పాడె వెనక ఆ ఎర్ర వీపు మీద, బఠానీ నిలబడే చోట, నా గుడ్డసంచి ఇటూ అటూ ఊగుతూ పోతోంది.