రఫీకి ఉగ్గాని, నాకు ఉత్త టీ

ఈ పొద్దు కడుపు మండుతాండాది. కారణం రఫీ.

ఆదోనిలో ఒక పత్తి మిల్లుంది. అక్కడ తూకాలన్నీ ఎక్కేది నేను పుట్టకముందు నాటి యూనిక్స్ కంప్యూటర్లోనే. కొన్నాళ్ళుగా దాని కెర్నల్, అంటే మెషీన్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం, కుప్పకూలుతోంది. 'పానిక్' అని ఒక లైను పడి, తెర బిగుసుకుపోతుంది. ఆ ఎర్రర్లన్నీ చదివి, పాత మాన్యువళ్ళు తిరగేసి, తప్పు మెమరీలోనే ఉందని తేల్చింది నేను.

ఎమ్మిగనూరు నుంచి పోయి బస్సు దిగేసరికి, నా క్లాస్‌మేట్, నా మాదిరే కంప్యూటర్ రిపేర్లు చేసే రఫీ, బైకు మీద ముందే చేరుకుని డబ్బా విప్పినాడు. తెర మీద ఒక్క లైను చదవలేదు. మెమరీ కార్డు మీద బూడిద కనిపిస్తే తుడిచి మళ్ళీ పెట్టినాడు. మెషీన్ లేచి కూర్చుంది!

"చెయ్యంటే నీదప్పా!" అని ఓనరు శివన్న వానికి బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెప్పించినాడు. నాకు ఉత్త టీ.

ఆ బూడిద యాడిదని రఫీ అడగలేదు. నేను తిరిగి వస్తా వస్తా చూసినా. శివన్న సంతోషం పట్టలేక మెషీన్‌కు బొట్టు పెట్టి, డబ్బా పైన గాలి రంధ్రాల్లో అగరబత్తీలు గుచ్చుతాండాడు. నేను చెప్పకుండానే బస్సెక్కినా.

సాయంత్రం శివన్న ఫోను. మళ్ళీ పడిపోయిందంట. లోపల నాకు ఎంత సంతోషమో!

"ఇప్పుడే వస్తా అన్నా."

"నువ్వొద్దులేప్పా. రఫీకి ఫోను తగలడంల్యా. వానికి కొంచెం సెప్పు."

రఫీది మా ఎదురిల్లే. వాకిట్లో బైకు తుడుచుకుంటాండాడు, పిలిస్తే పలుకుతాడు.

ఇంకా పిలవలేదు. మీరైతే పిలిచేవాళ్ళా?