టేపమ్మ చెక్కిన ముక్కు

మనిషికి ముక్కు ఎక్కడ పెట్టాలో సందేహం వస్తే బ్రహ్మదేవుడు కూడా మా అమ్మమ్మకే కబురు పెడతాడు. నవ్వకండి. ఒక్క ముక్కు కోసం ఆవిడ మూడు మోటార్లు మార్చింది. బ్రహ్మ ఏనాడైనా అంత కష్టపడ్డాడా? పడి ఉంటే మా ఇంట్లో ముక్కులు ఇలా ఉండేవి కావు.

అమ్మమ్మ స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీ. స్నానానికి తప్ప మెడలో కొలత టేపు తీయదు కనుక వీధి మొత్తానికి ఆవిడ టేపమ్మ. మోకాళ్లు మొరాయించి కుట్టుమిషను తొక్కడం మానేశాక ఇక కాలు మీద కాలేసుకుని కూర్చుంటుందనుకున్నాం. ఆవిడేమో విడిభాగాలు తెప్పించి, వీడియోలు చూసి, వెనక గదిలో సీఎన్‌సీ మిషను బిగించుకుంది. ఒక బల్ల, దాని మీద కదిలే చట్రం, చట్రానికి గిర్రున తిరిగే సన్నటి కత్తి. కంప్యూటరు చెప్పినట్టల్లా మూడు మోటార్లు ఆ కత్తిని అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ జరుపుతాయి. కత్తి చెక్కను చెక్కుతుంది. పదో తరగతి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగినవాణ్ణి, నాకు తెలిసింది అంతే.

కొన్నాళ్లు వీధివాళ్లకి పేర్ల పలకలు చెక్కిచ్చింది. అంతలో తాతయ్య చూపు తగ్గడం మొదలైంది. ఆయన జీవితమంతా బస్సు నడిపిన మనిషి. పోయిన చూపు రాదు, ఉన్నదీ నిలవదు అని డాక్టరు తేల్చేశాడు. ఇప్పుడు కిటికీ పక్కన, మంచి ఎండలో, ముఖానికి ముఖం ఆనిస్తే తప్ప ఎదుటివాళ్లెవరో ఆయన పోల్చుకోలేడు. ఇంట్లో అందరం గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. అమ్మమ్మ మాత్రం మామూలు గొంతుతోనే అంది.

"చూపుండగానే వేళ్లకి నేర్పించాలి."

ఆవిడ ఆలోచన ఇదీ. ఇంట్లోవాళ్ల ముఖాలు చెక్క మీద ఉబ్బెత్తుగా చెక్కాలి. తాతయ్య ఎండలో మనిషిని చూస్తూ, చెక్కను తడుముతూ, రెండూ జత చేసుకోవాలి. చూపు పోయాక ఆ పని వేళ్లు చేస్తాయి.

"ముందు ఎవరిది కావాలండీ?" అని అడిగింది.

"నీదే చెయ్యవే. రోజూ నన్ను తిట్టే ముఖం ఏదో తెలియాలి కదా" అన్నాడు తాతయ్య.

నేను ఫోను పట్టుకుని ఆవిడ చుట్టూ తిరిగి ఫొటోలు తీశాను. కంప్యూటరు వాటన్నిటినీ కలిపి కొండలూ లోయలూ ఉన్న ఒక ముఖం చేసింది. చెక్క బిగించి మిషను ఆన్ చేశాం. నుదురు బాగా వచ్చింది. కళ్లు వచ్చాయి. కళ్లు దాటాక కత్తి చెక్కలో ఉన్న ముడికి తగిలింది. ఒక్కసారి కటకటమని, మళ్లీ ఏమీ ఎరగనట్టు సాగిపోయింది. అయ్యాక చూస్తే ముక్కు చెంప మీద ఉంది. నోరు చెవితో ఏదో గుసగుసలాడుతోంది.

"అమ్మమ్మా, నీకు పక్షవాతం వచ్చింది" అన్నాను. టేపుతో వీపు మీద ఒకటి తగిలింది.

జరిగిందేమిటో ఆవిడే విప్పి చెప్పింది. పాత మోటార్లని ఇన్ని అడుగులు వేయమంటే వేస్తాయి. మధ్యలో ఏదైనా అడ్డం పడి కొన్ని అడుగులు తప్పినా వాటికి తెలియదు, కంప్యూటరుకీ తెలియదు. తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టు అక్కణ్ణుంచే మిగతా పని కానిచ్చేస్తాయి.

తాతయ్య మంచం మీంచి విని నవ్వాడు. "గుడ్డెద్దు చేలో పడ్డట్టన్నమాట. పోనీలే, నాకొక తోడు దొరికింది."

ఆ నవ్వులో మేమెవరమూ కలవలేకపోయాం. అమ్మమ్మ ఆ సాయంత్రమే క్లోజ్డ్ లూప్ మోటార్లకి ఆర్డరు పెట్టేసింది.

కొత్త మోటార్ల వెనక ఒక చిన్న డబ్బీ ఉంటుంది. ఇరుసు నిజంగా ఎంత తిరిగిందో అది చూస్తూ ఉంటుంది. ఆ కబురు డ్రైవర్‌కి చేరవేస్తుంది. మా తాతయ్య లాంటి డ్రైవరు కాదు, మోటారుకి కరెంటు అందించే పెట్టె. చెప్పినదానికీ జరిగినదానికీ తేడా వస్తే ఆ పెట్టే మోటారుని లాక్కొచ్చి సరిచేస్తుంది. సరిచేయలేకపోతే ఎర్ర దీపం వెలిగించి పని ఆపేస్తుంది.

చెప్పినంత తేలిగ్గా అవలేదు లెండి. మొదటి మోటారు ఆన్ చేయగానే చలిజ్వరం వచ్చినట్టు వణికి ఎర్ర దీపం వెలిగించింది. అమ్మమ్మ కరెంటు తీసి, దారం తిరగబడిన బాబిన్‌ని చూసినట్టు తీగల్ని చూసి, ఒక జత అటుదిటు మార్చింది. వణుకు ఆగింది. తర్వాత చట్రాన్ని జానెడు జరగమంటే బెత్తెడు జరిగింది. డ్రైవర్ మీదున్న బుల్లి మీటలు ఒక లెక్కలో, కంప్యూటరు ఇంకో లెక్కలో ఉన్నాయట. మీటలు సరిచేసి, మెడలో టేపు తీసి కొలిచింది. ఆ టేపు ముప్ఫై ఏళ్లలో సాగిందేమోనని అనుమానపడి స్టీలు స్కేలుతో మళ్లీ కొలిచింది. ఆవిడ ఆ టేపుని అనుమానించడం నేను చూడటం అదే మొదటిసారి.

చివరికి నన్ను పిలిచింది. "ఒరేయ్, ఇలా వచ్చి ఈ చక్రాన్ని తిప్పు."

కత్తి బిగించలేదు. మోటారుకి కరెంటు అందుతున్నా కదలకుండా ఉంది. పళ్ల చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని బలంగా తిప్పాను. వెంట్రుకవాసి కదిలింది. వదిలాను. టక్కున తన చోటికి తను వచ్చేసింది. మళ్లీ తిప్పాను, మళ్లీ వచ్చింది. నా ఒళ్లు జలదరించింది. ఇనుమూ రాగీ కలిసిన ముద్దకి తను ఎక్కడుండాలో గుర్తుంది! నేను పొద్దున చెప్పులు ఎక్కడ విడిచానో నాకే గుర్తుండదు.

"బతికున్నదా అమ్మమ్మా ఇది?"

"బతికున్నవాళ్లు ఇంత బుద్ధిగా ఉంటార్రా?" అంది.

తర్వాత చట్రానికి కావాలనే చెక్క దిమ్మ అడ్డం పెట్టింది. ఆ మోటారు తోసి తోసి ఎర్ర దీపం వేసి ఆగింది. మిగతా రెండూ మాత్రం తమ పాటికి తాము పోతున్నాయి. "అది అరిస్తే సరా, వినేవాడుండొద్దూ?" అంటూ ఎర్ర దీపం కబురు కంప్యూటరుకి చేరేలా ఇంకో తీగ కలిపింది. మళ్లీ దిమ్మ పెట్టింది. ఈసారి మూడూ కలిసి నిలబడ్డాయి.

మర్నాడు తలుపు వేసుకుని కంప్యూటరు ముందు చాలాసేపు కూర్చుంది. ఏమిటని అడిగితే "నీకెందుకు, పో" అంది. మధ్యాహ్నం చెక్కడం మొదలైంది. ఈ చెక్కలోనూ ముడి ఉంది. కత్తి ముడిని చేరగానే మోటారు గొంతు బరువెక్కింది. బరువెత్తేవాడు మూలిగినట్టు మూలిగి, ముడిని దాటి, తన దారిన తను వెళ్లింది. ముక్కు ముఖం నడుమ ఠీవిగా లేచింది. నేను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. మోటారుకో అమ్మమ్మకో ఇప్పటికీ తెలియదు.

తాతయ్యని కిటికీ దగ్గర కూర్చోబెట్టి చెక్క ఒళ్లో పెట్టాం. నిదానంగా తడిమాడు.

"బాగుంది. చక్కగా ఉంది మనిషి. ఎవరే ఈవిడ?"

నేను చెక్కనీ అమ్మమ్మనీ మార్చి మార్చి చూశాను. అప్పుడు వెలిగింది నాకు. చెక్కలో ముక్కు దూలం మీది బొడిపె మాయమై తిన్నగా ఉంది. పళ్లు ఊడి లోపలికి పోయిన బుగ్గలు పూరీల్లా పొంగి ఉన్నాయి. తలుపు వేసుకుని చేసిన పని ఇదన్నమాట!

"కొంచెం సర్దాను" అంది అమ్మమ్మ, నేల చూపులు చూస్తూ. "ఇక మీదట మీకు ఉండేది ఆ ముఖమే కదండీ. కాస్త బాగుండాలని."

"నాకు బాగుండక్కర్లేదే. నువ్వుండాలి" అన్నాడు తాతయ్య.

ఆవిడ వెనక గదిలోకి వెళ్లి, కంప్యూటర్లో సర్దని ముఖం పెట్టి, మరో చెక్క బిగించింది. ఈసారి తలుపు తీసే ఉంచింది.

మూడో చెక్క మీద తాతయ్య వేళ్లు నుదుటి దగ్గర బయలుదేరాయి. ముక్కు దూలం మీదున్న బొడిపె ఎక్కి ఆగాయి. మెల్లగా దిగి, బుగ్గ గుంటలోకి జారాయి. ఆయన ముందుకి వంగి, ఎండలో అమ్మమ్మ ముఖాన్ని కళ్లు చికిలించి చూశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. వేళ్లు మళ్లీ అదే దారిలో, ఈసారి తడుముకోకుండా వెళ్లాయి. ఏ ఎత్తు దగ్గర ఎక్కాలో, ఏ మలుపు దగ్గర తిరగాలో బస్సు దారిలా తెలిసిపోయినట్టు.

"ఇదిగో, దొరికావు" అన్నాడు కళ్లు తెరవకుండానే.

ఇదంతా రాసి, బ్రహ్మదేవుడి ముక్కతో సహా అమ్మమ్మకి చదివి వినిపించాను. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. ఆవిడ కొత్త చెక్క బల్లకి బిగిస్తూ తలైనా తిప్పలేదు.

"రాసింది చాలు. ముఖం కడుక్కుని కిటికీ దగ్గర కూర్చో. నీ కథ అయ్యేదాకా మీ తాత చూపు ఆగదు."