సత్తెక్క లేకుండా గెలిచిన జట్టు

మీరు కుర్చీ మారినందువల్ల సముద్రాల అవతల ఎవరో ఆటగాడి కాలు తడబడుతుందని మీరు నిజంగా నమ్ముతున్నారా? నవ్వి దాటేయకండి. "నువ్వు లేచావు, వికెట్ పడింది, ఇక ఇటు రాకు" అనే మాట వినని ఇల్లు మనలో ఎవరికుంది? అది సరదా అంటారు. ఆ సరదాలో ఎవరు లేచి లోపలికి వెళ్ళారో, ఎవరు హాయిగా కూర్చునే ఉన్నారో గుర్తు చేసుకుని అప్పుడు చెప్పండి.

మొన్న వాన పడుతుంటే గ్రాంట్ రోడ్ స్టేషన్ మెట్ల కింద నిలబడ్డాను. పాలమూరు నుంచి పనికోసం వచ్చిన కూలీల గుంపు ఒకటి నా పక్కనే మూటలు దించుకుంది. వాళ్ళలో ఒక పెద్దాయన భుజం మీది గొంగడి తడిసి ముద్దయింది. తడిసిన ఉన్ని వాసన ముంబైలో అరుదు. ఉన్నితో ఇక్కడెవరికీ పని ఉండదు. కానీ నాకు ఆ వాసన చిన్న పరిచయం కాదు. కామాటిపురలో వరసగా ఒంటి గదులుండే మా చాల్ రెండో అంతస్తు వరండాలో, ఉతికి ఆరేసిన ఆకుపచ్చ మఫ్లరు నుంచి అదే వాసన వచ్చేది. మే నెల ఉక్కలో కూడా శనివారం సాయంత్రం దాన్ని మెడకు చుట్టుకుని కూర్చునే మనిషి సత్తెక్క. ఆమె పోయి రెండు వానాకాలాలు గడిచాయి. వాన తగ్గినా నేను మెట్ల కిందనే కాసేపు నిలబడిపోయాను.

అసలు పేరు సత్యమ్మ. చిన్నా పెద్దా అందరూ సత్తెక్క అనేవాళ్ళు. మా అందరి తాతల్లాగే ఆమె తాతా ఈ నగరపు గోడలకు రాళ్ళు మోయడానికి వచ్చినవాడే. పెళ్ళయిన కొద్ది ఏళ్ళకే భర్త పోయాడు. పిల్లలు లేరు. డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో పసిపిల్లల్ని చూసుకునే ఆయాగా బతికింది. ఒక డాక్టరు దంపతులు స్కాట్లాండులో ఉద్యోగం వచ్చి వెళుతూ తమ పాప కోసం ఆమెను కూడా తీసుకెళ్ళారు. అక్కడ చేపల పడవలు ఆగే ఒక చిన్న ఊరు, పేరు డన్‌కెల్లీ. శనివారం మధ్యాహ్నం ఆమెకు సెలవు. మాట్లాడటానికి ఒక్క మనిషి లేడు. ఒక శనివారం ఊరంతా ఆకుపచ్చ మఫ్లర్లు వేసుకుని ఒకే దిక్కుకు నడుస్తుంటే, జాతర కాబోలనుకుని సత్తెక్క వాళ్ళ వెనకే నడిచింది. ఆ దారి ఫుట్‌బాల్ మైదానానికి తీసుకెళ్ళింది.

చెక్క బల్ల మీద కూర్చున్న ఒక ముసలావిడ ఈమెను చూసి, ఏమీ అడగకుండా కొంచెం పక్కకు జరిగిందట. ఫ్లాస్కు మూతలో వేడి సూపు పోసి ఇచ్చిందట. ఆమె పేరు మోరాగ్. మన సత్తెక్క నోట్లో మోరగవ్వ అయింది. ఆకుపచ్చ మఫ్లరు ఒకటి మెడకేసుకుని ముంబై తిరిగొచ్చేదాకా ప్రతి శనివారం ఆ బల్ల మీద ఆ ఇద్దరూ పక్కపక్కనే. "ఆమె మాట నాకు తెల్వది, నా మాట ఆమెకు తెల్వది. తిట్టేటప్పుడు మాత్రం ఇద్దరికి మంచిగ సమజయ్యేది" అని చెప్పి నవ్వేది. తిట్టడానికి కొరత లేదు. డన్‌కెల్లీ జట్టు ఓడటంలో ఆరితేరినది. అందులో ఆడేవాళ్ళు పగలు వడ్రంగులు, బడిపంతుళ్ళు. జట్టు గెలుస్తున్న వారాల్లో మోరగవ్వ ఆకుపచ్చ సాక్సులు ఉతికేది కాదట, ఉతికితే అదృష్టం కొట్టుకుపోతుందని. ఈ సంగతి చెప్పినప్పుడల్లా సత్తెక్క ఒక మాట కలిపేది: "కంపు ఆమె కాళ్ళకే గదా, నాకేమన్న అయ్యిందా?" మూఢనమ్మకాల మీద నేను చదివిన లావుపాటి పుస్తకాల్లో కూడా ఇంత తేటగా గీసిన గీత లేదు. తన సాక్సు మీద పెట్టుకునే నమ్మకం వేరు, పక్కమనిషి మీద పెట్టే నమ్మకం వేరు.

నేను వాదించడం సంస్కరణ సభల్లో నేర్చుకున్నాను. వర్లిలో మా మామయ్య తీసుకెళ్ళే ఆదివారం చర్చల్లో బల్లలు గుద్ది మాట్లాడటం నాకు చిన్నప్పుడే వచ్చింది. అడగడం మాత్రం సత్తెక్క నేర్పింది. పదో తరగతి పరీక్షకు బయలుదేరి, పిల్లి అడ్డొచ్చిందని వెనక్కి వచ్చి గడపలో కూర్చున్నాను. మా అమ్మ నీళ్ళు తాగించి మళ్ళీ పంపాలని చూస్తోంది. సత్తెక్క వరండాలోంచి తాపీగా అడిగింది: "పిల్లికి నీ పరీక్ష టైము ఎవరు చెప్పిన్రు బిడ్డా?" నాకు నవ్వొచ్చింది, లేచి వెళ్ళాను. ఆ తర్వాత ఇన్నేళ్ళుగా నేను రాసినదంతా ఆ ప్రశ్నను పొడిగించడమే.

ఫోన్లలోకి ఇంటర్నెట్ వచ్చాక ఆమెకు డన్‌కెల్లీ మళ్ళీ దొరికింది. వెతికి పెట్టింది నేనే. మనకు రాత్రి వంటల వేళకు అక్కడ ఆట మొదలయ్యేది. తన గది ముందు వరండాలో ఉన్న బల్ల మీద కూర్చుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, మాట ఒక్కటీ అర్థంకాని వ్యాఖ్యానం వినేది. గొంతును బట్టే తెలుస్తుందట. చాల్ పిల్లలు ఆమె తెలుగులో పలకరిస్తే హిందీలోనో మరాఠీలోనో జవాబిచ్చి పరిగెత్తేవాళ్ళు. పనిమానేసిన మనిషికి వారమంతా ఒకటే. శనివారం ఒక్కటే ఆమెకు వేరుగా ఉండేది. పక్క గది యాదగిరి టాక్సీ దిగి వస్తూ శనివారం శనివారం ఒక విసురు విసిరేవాడు. "సత్తెక్కా, నీ తెల్లోళ్ళు ఇయ్యాల గూడ మునిగిన్రా?" ఆమె తల ఎత్తకుండానే, "నీ టాక్సీ గూడ రోజు బందయితది. నువ్వు ఇడిసిపెట్టినవా?" అనేది.

అలాంటి జట్టు ఒక ఏడాది గెలవడం మొదలుపెట్టింది. ఎందుకో ఎవరికీ తెలియదు. వారం వారం గెలుస్తూ, గట్టి జట్లు ఆడే పైతరగతికి ఎక్కే దారిలో నిలబడింది. వార్త వరండా పొడవునా పాకింది. ఓడే జట్టును వెక్కిరించిన వాళ్ళే గెలిచే జట్టు పక్కన చేరారు. యాదగిరి తన పెద్ద టీవీని వరండాలోకి తెచ్చి, ఫోనులో వచ్చే ఆటను దానిలో కనబడేలా పెట్టించాడు. కింది అంతస్తు వాళ్ళు, ఫోరస్ రోడ్ దుకాణాల వాళ్ళు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. పేర్లు పలకలేని ఆటగాళ్ళ కోసం కొబ్బరికాయ కొట్టారు. టీవీకి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడదీశారు. సత్తెక్క వాటిని చూసి కళ్ళతోనే నవ్వింది. ఆమెకు అవేవీ పట్టలేదు. తన బల్ల మీద అటొకరు ఇటొకరు కూర్చున్నారు. "గాయన ఎవరక్కా, గా ఎర్ర జుట్టాయన?" అని అడుగుతున్నారు. వచ్చిన ప్రతివాళ్ళకూ పక్కకు జరుగుతూ, చివరికి బల్ల అంచుకు చేరేది. ఆమె ముఖం అంత వెలుగుతో ఉండగా నేను చూసింది ఆ కొన్ని వారాలే.

ఒక శనివారం సత్తెక్క పొయ్యి ఆర్పడానికి లోపలికి వెళ్ళి, గుమ్మానికున్న తెర తొలగించి బయటికి వస్తుండగా డన్‌కెల్లీ మీద గోలు పడింది. తర్వాతి వారమూ అలాగే జరిగింది. యాదగిరి తల్లి ఎవరితోనో అన్నట్టు, భర్త లేని మనిషి ఎదురైతే ఏ పని ముందుకు సాగిందని గొణిగింది. పెళ్ళి బయలుదేరేటప్పుడు, కొత్త ఇంట్లో పాలు పొంగించేటప్పుడు సత్తెక్క తనంతట తానే తెర వెనక్కి తప్పుకోవడం మా చాల్‌లో అందరికీ అలవాటే. ఆ అలవాటును ఇప్పుడు ఫుట్‌బాల్‌కు కూడా తగిలించారు. మర్నాడు యాదగిరి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఆమెకు జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళేది అతనే. తల గోక్కుంటూ అన్నాడు: "అక్కా, ఏమనుకోకు. గీ ఆఖరి ఆటలు నువ్వు లోపట్నుంచే ఇను. గంతే." ఆమె "సరే" అంది.

నేను మాత్రం ఊరుకోలేదు. ఫోనులో వచ్చే బొమ్మ ఎంతో దూరం తిరిగి వస్తుంది. అక్కడ జరిగిన దాదాపు నిమిషం తర్వాత మన కంటపడుతుంది. స్కోరు రాతలో మాత్రం ముందే వచ్చేస్తుంది. అంటే ఆ రెండు గోల్సూ సత్తెక్క తెర మీద చేయి వేయకముందే పడిపోయాయి. తర్వాతి ఆటలో నా ఫోను చూస్తూ టీవీ పక్కన నిలబడి, "ఇప్పుడు మనవాళ్ళు గోలు కొడతారు, చూడండి" అన్నాను. కొట్టారు. కాసేపాగి, "ఇప్పుడు అవతలివాళ్ళు" అన్నాను. కొట్టారు. కారణం విడమరిచి చెప్పాను. తిరుగులేని రుజువు అనుకున్నాను. ఒకాయన నా నోట్లో బలముందని, ఆఖరి ఆటకు నన్ను టీవీ పక్కనే కూర్చోమన్నాడు. యాదగిరి అంతా శ్రద్ధగా విని తల ఊపాడు. "నువ్వన్నది కరెక్టే చెల్లె. అయినా రిస్కెందుకు?"

విజయం మోసుకుంటూ తెర తీసి లోపలికి వెళ్ళాను. అందరూ ఒప్పుకున్నారని చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. "నువ్వు గెలిచినవ్ బిడ్డా. నేనింకా లోపట్నే కూసున్న" అంది. చేయి పట్టుకుని బయటికి రమ్మన్నాను. రానంది. "నువ్వు నా దిక్కున్నదానివి. నువ్వు పిలిస్తే ఏం లాభం? వాళ్ళల్ల ఒక్కడు రమ్మంటే వస్త. అడుక్కొని కూసోను."

ఆఖరి ఆట రోజు. గెలిస్తే పైతరగతి, ఓడితే మళ్ళీ పాత చోటే. వరండా నిండిపోయింది. నేను బయట కూర్చోకుండా ఆమె గదిలోకి వెళ్ళాను. సత్తెక్క కొత్త చీర కట్టుకుంది. మఫ్లరు మెడకు చుట్టుకుని, స్టూలు మీద తెరకు ఎదురుగా కూర్చుంది. ఫోను చేతిలోనే ఉంది. కానీ ఆమె వింటున్నది ఆటను కాదు, తెర అవతలి మాటలను అని నాకు కాసేపటికి అర్థమైంది. ఎవరి అడుగు దగ్గరైనా భుజాలు సర్దుకునేది. సగం ఆట అయ్యాక తెర బయట యాదగిరి గొంతు వినబడింది. "అక్కా." ఆమె చప్పున లేచింది. కొంగు సవరించుకుంది. తెర పక్కకు జరిగింది. "అక్కా, మస్తు మంది వచ్చిన్రు, కూసోనీకి జాగ లేదు. నీ స్టూలు జర ఇస్తవా?" నేను నోరు తెరిచాను. ఆమె నా మణికట్టు పట్టుకుని నొక్కింది. స్టూలు ఎత్తి అతని చేతికిచ్చింది. మిగిలిన ఆటంతా గోడకానుకుని నేల మీద కూర్చుని వింది.

డన్‌కెల్లీ గెలిచింది. వరండా ఊగిపోయింది. నా తర్కానికి అంతకన్నా పెద్ద దెబ్బ ఎవరూ కొట్టలేదు. ఆమె లోపల ఉంది, జట్టు గెలిచింది, వాళ్ళకు ఇంకేం రుజువు కావాలి? యాదగిరి పేడాల మిఠాయి డబ్బాతో వచ్చాడు. కళ్ళలో నిజమైన కృతజ్ఞత. "అక్కా, నీ పుణ్యం. నువ్వు మాట ఇన్నవు గాబట్టి అయ్యింది." ఆమె పేడా తీసుకుంది. గోలు ఎవరు కొట్టారని అడిగింది. అతనికి పేరు గుర్తు లేదు. ఆ ఎర్ర జుట్టాయనేనని వ్యాఖ్యాత అరిచిన పేరును బట్టి ఆమెకు ముందే తెలుసు. అతను వెళ్ళాక నాతో అంది, "మోరగవ్వ బతికుంటే, ఆటలు అయిపోయినయని ఇయ్యాల సాక్సులు ఉతుక్కుంటది." నవ్వింది. పేడా చేతిలో అలాగే ఉంది. తన జట్టు గెలిచిన ఆనందమూ, తాను లేకుండా గెలిచిన బాధా ఒకే ముఖంలో ఎలా ఉంటాయో అప్పుడే చూశాను. నేనింతవరకు మళ్ళీ చూడలేదు, చూడాలనీ లేదు.

పైతరగతిలో డన్‌కెల్లీకి దెబ్బలే. వారం వారం ఓటమి. దీపావళి నాటికి వరండా ఖాళీ అయింది. టీవీ యాదగిరి గదిలోకి తిరిగి వెళ్ళింది. బల్ల మీద ఎవరూ లేరు, అయినా సత్తెక్క తెర దాటలేదు. ఒక శనివారం యాదగిరే గుమ్మం ముందు ఆగి, "ఇంక పోయేదేముంది అక్కా, బయటికొచ్చి కూసో" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. లోపలి నుంచి ఆమె గొంతు మామూలుగానే వచ్చింది: "గెలిచేటప్పుడు పిలువు యాదగిరీ. అప్పుడొస్త." పిలవాల్సినంత గెలుపు మళ్ళీ రాలేదు. ఆమె చివరిదాకా తెర వెనకే విన్నది.

నేను ఇప్పటికీ సభల్లో మాట్లాడతాను. బల్ల గుద్దుతాను. చప్పట్లు పడతాయి. చప్పట్లు ఆగగానే, దీని తర్వాత ఎవరు ఎక్కడ కూర్చోబోతున్నారని వెతుకుతాను. ఆమె నుంచి నేను మోసుకొచ్చింది అదే. తప్పని ఒప్పించడం సగం పనే. ఒప్పుకున్నవాడు కూడా రిస్కెందుకని మనిషిని లోపలే ఉంచగలడు.

కాబట్టి నా వాదన నమ్మమని మిమ్మల్ని అడగను. మీకు తెలిసినవాళ్ళలో, శుభం జరిగే చోటికి రాకుండా తనంతట తానే తప్పుకునే ఒక స్త్రీ ఉంది. ఆమె మీ అత్తో, వదినో, పై అంతస్తు ఆవిడో, మీకు బాగా తెలుసు. మీకు మంచి జరగబోతున్న రోజున, పోగొట్టుకోవడానికి మీ చేతిలో నిజంగా ఏదో ఉన్న రోజున, అందరూ వినేలా పేరు పెట్టి ఆమెను పిలవండి. వచ్చేదాకా గుమ్మం దగ్గరే నిలబడండి. వాదనలు తర్వాత చేసుకుందాం, ముందు పిలవండి.