దివిటీ పట్టినవాడు

దుమ్ముగూడెంలో నేను చూసుకునే చిన్న లైబ్రరీకి ఒక పెద్దాయన వచ్చేవారు. బొగ్గుబాయి దగ్గర, పైకి వచ్చిన కార్మికుల నంబరు బిళ్లలు తీసుకుని, ఎవరెవరు వచ్చారో లెక్క రాసే పనిచేసి రిటైరయ్యారు.

మా దగ్గర దయ్యాల నవలల సీరీస్‌కే గిరాకీ. పదకొండో భాగంలో గుహ భలే భయపెట్టిందని కొందరు, హీరోలో పస తగ్గిందని కొందరు అన్నారు. ఆయనకు మాత్రం కోపమొచ్చింది.

"గుహలకు ఐదుగురు పోయిండ్రు, నలుగురే వచ్చిండ్రు. దివిటీ పట్టినోడేడి?"

"చిన్న పాత్ర కదా తాతా, రాసినాయన మర్చిపోయిండేమో" అన్నాను.

పన్నెండో భాగం రాగానే నిలుచున్నచోటే పేజీలన్నీ తిప్పారు. దివిటీ మనిషి అందులోనూ లేడు.

"ఒకనాడు ఒకడు రెండు బిళ్లలిచ్చిండు బిడ్డా. దోస్తు ఎనుకనే వస్తుండన్నడు. నమ్మి తీస్కున్న. అందరు పైకొచ్చిండ్రని రాసిన. అది చూసి బాయి మూసిండ్రు. ఆ దోస్తు ఇంక లోపల్నే ఉండె."

ఆనాటి నుంచి వచ్చినప్పుడల్లా పదకొండో భాగం తీసి, గుహ పేజీ దగ్గర తెరిచి బల్లమీద వదిలి వెళ్లేవారు. పుస్తకం పాడవుతుందని ఒకరోజు విసుక్కుంటూ మూయబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"మూయకు బిడ్డా. లోపల మనిషున్నడు."