వీపు తిప్పిన ఉస్తాద్

మక్తల్ బస్టాండు దాటితే నారాయణపేట రోడ్డు మొదట్లో బుచ్చయ్య మోటారు వైండింగు దుకాణం. ఎండాకాలం కరెంటు సన్నగా వచ్చే రోజుల్లో పొలాల మీద బోరు మోటార్లు కాలిపోయేవి. రైతులు వాటిని బండ్ల మీద వేసుకొచ్చి ఆ దుకాణం ముందే దింపేవారు. అబ్దుల్ హమీద్ పని నేర్చుకున్నది అక్కడే.

హమీద్ ఇంట్లో మాట ఉర్దూ. పని మాత్రం బుచ్చయ్య నోటి తెలుగులో నేర్చాడు. ఆ చదువులో ఉన్నవి రెండే మాటలు. రాగితీగ మెలిపడితే బుచ్చయ్య "గట్ల గాదు" అనేవాడు. తీగను తన చేతిలోకి తీసుకుని, విప్పి, మళ్లీ చుట్టి చూపించి "గిట్ల" అనేవాడు. ఇంతకుమించి చెప్పేవాడు కాదు.

బుచ్చయ్యకు ఇంకో పద్ధతి ఉండేది. శిష్యుడు చుట్టిన ప్రతి మోటారునూ తాను చూశాకే వార్నిష్ పోయించేవాడు. ఇక చూడనక్కర్లేదని మనసుకు తోచిన రోజున మాత్రం, శిష్యుడు చుడుతుండగానే స్టూలు రోడ్డువైపు తిప్పుకుని కూర్చునేవాడు. చాయ్ తాగుతూ వచ్చేపోయే బస్సులు చూసేవాడు. ఉస్తాద్ వీపు తిప్పాడంటే పని వచ్చేసినట్టు. హమీద్‌కు ఆ రోజు వచ్చినప్పుడు చాయ్ కొట్టు కృష్ణమ్మ గ్లాసు అందిస్తూ అడిగింది.

"ఏమైంది బుచ్చన్నా, పిలగాని మీద అలిగినవా?"

"అలుగుడేంది. ఇగ వాని చేతులు సూసే పని నాకు లేదు."

ఎనభైల చివర్లో హమీద్ సౌదీకి పోయాడు. దమ్మాంలో పంపులు, మోటార్లు బాగుచేసే వర్క్‌షాపులో పని దొరికింది. గదిలో మంచానికి మంచం ఆనుకుని ఉండేది. పక్క మంచం పెషావరు ముసలాయన, హమీద్ ఆలస్యంగా వస్తే రొట్టె ఆరిపోకుండా తన తువ్వాలులో చుట్టి ఉంచేవాడు. అట్లాంటి మనుషుల నడుమ ఏండ్లు గడిపాడు. మక్తల్‌లో పాత మట్టి ఇల్లు తీసేసి ఇటుక గోడలు లేపించాడు. కప్పు వేయడం ఒక్కటే మిగిలింది.

అప్పుడు అక్కడి సర్కారు, పనుల్లో బయటివాళ్లను తగ్గించి సొంత దేశం పిల్లలకు పని నేర్పించమని కంపెనీలకు చెప్పింది. ఒకరోజు మేనేజరు మిషారీ అనే యువకుణ్ణి తెచ్చి హమీద్ ముందు నిలబెట్టాడు. "వీడికి నేర్పు. వచ్చేసిందని నువ్వే చెప్పాలి," అన్నాడు. చెప్పిన రోజున తన పని అయిపోతుందని హమీద్‌కు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

మిషారీ మొదటి రోజు అత్తరు పూసుకుని, తెల్లటి అంగీ వేసుకుని వచ్చాడు. మధ్యాహ్నానికి వేళ్లు కోసుకుపోయాయి. హమీద్ తన రుమాలు చింపి కట్టాడు. మర్నాడు మిషారీ పాత బట్టల్లో వచ్చాడు, చేతిలో వాళ్ల అమ్మ పంపిన మజ్జిగ సీసా.

హమీద్‌కు అరబ్బీ బజారు వరకే వచ్చు. చేతులు పనిలో పడ్డాయంటే నోట మక్తల్ తెలుగే వచ్చేది. గట్ల గాదు, గిట్ల. మిషారీ వాటిని పని పేర్లనుకున్నాడు. తప్పు పని గట్ల, ఒప్పు పని గిట్ల. ఒక్కో చుట్ట ఎత్తి చూపించి, "ఉస్తాద్, గిట్ల?" అని అడిగేవాడు. హమీద్‌కు నవ్వొచ్చేది. ఆ వెనకే దిగులు కమ్మేది. పిల్లవాడికి చెయ్యి తిరుగుతోంది.

మేనేజరు అడిగినప్పుడల్లా ఇంకా కొంత కాలం కావాలనేవాడు. ఆ వానాకాలం ఇంటినుంచి, ఉత్తరానికి బదులు మాటలు రికార్డు చేసిన క్యాసెట్ వచ్చింది. భార్య అజ్మత్ బీ గొంతు మెల్లగా చెప్పింది: గోడలు నానుతున్నాయి, మీద తాటికమ్మలు కప్పాం, నువ్వు ఇంకో రెండేండ్లు ఉండగలిగితే స్లాబు పడుతుంది, ఒంట్లో బాగుంటేనే ఉండు. ఆ చివరి మాట దగ్గరికి తిప్పి తిప్పి విన్నాడు.

కొన్నాళ్లకు మిషారీ ఒక పెద్ద పంపు మోటారు ఒంటరిగా చుట్టాడు. హమీద్ దాన్ని అటూ ఇటూ దొర్లించి చూశాడు. ఒక్క తప్పు దొరికితే చాలనుకున్నాడు. దొరకలేదు. పొద్దు వాలేవేళ అసర్ నమాజుకు ఇద్దరూ ఒకే వరుసలో నిలబడ్డారు. సజ్దాలో నుదురు నేలకు ఆనించినప్పుడు, ఈ అబద్ధం ఇంక మోయలేనని అనిపించింది హమీద్‌కు.

తిరిగొచ్చాక మిషారీ ఇంకో మోటారు అందుకున్నాడు. హమీద్ స్టూలు గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. వెనక చప్పుడు ఆగిపోయింది.

"ఉస్తాద్, గట్ల?" భయంగా అడిగాడు మిషారీ. ఏదో తప్పు చేశాననుకున్నాడు పాపం.

హమీద్ వెనక్కి తిరగలేదు. "గిట్లనే బిడ్డా. గిట్లనే," అన్నాడు.

సాయంత్రం మేనేజరుకు చెప్పాడు.

మక్తల్‌లో స్లాబు పడలేదు. రేకులు వేసుకున్నారు. వాన కురిస్తే ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడదు. అజ్మత్ బీ ఒక్కనాడూ దెప్పలేదు. చినుకు మొదలు కాగానే మాట ఆపి, భర్త పక్కన వచ్చి కూర్చునేది. సౌదీ నుంచి వచ్చిన మూడోనాడే హమీద్ దుకాణానికి పోయాడు. తన స్టూలు ఉన్నచోటనే ఉంది. బుచ్చయ్య బాగా ముసలివాడయ్యాడు.

"తిన్నవా?" అని మాత్రం అడిగాడు.

రెండేండ్లకు మాగనూరు వహీద్ వెతుక్కుంటూ వచ్చాడు. దమ్మాం వర్క్‌షాపులో సామాన్లు మోసి, ఊడ్చిన మనిషి. అతన్నీ పంపించేశారు.

"నీ షాగిర్ద్ మిషారీయే నా కొలువు దీసిండు భాయ్," అన్నాడు కూర్చోకముందే. "ఇప్పుడు ఆయనే ఉస్తాద్. అరబ్బు పోరగాండ్లకు నేర్పుతాండు. అందరు గిట్ల గిట్ల అంటాంటే నాకు నవ్వాగలే. నా తిండి బోతాందని గప్పుడు సోయి లేకపాయె."

బుచ్చయ్య బోసినోటితో నవ్వాడు. "నా గిట్ల సముద్రం దాటిందిరా. నేను కృష్ణ నది సుత దాటకపోతి."

"వీపు తిప్పుతడా?" అడిగాడు హమీద్.

"తిప్పుతడు. ఎందుకో మాకు సమజ్ కాకపోయేది." వహీద్ గొంతు తగ్గింది. "నీ పని జర దాసుకుంటే ఏం పోయేది భాయ్? నువ్వుందువు, నీ ఎనుక మేముందుము."

హమీద్ తన చేతులు చూసుకున్నాడు. "దాసుకుందామనే జూసిన. చేతులు దాసుకోనియ్యలే వహీద్."

కృష్ణమ్మ చాయ్ తెచ్చింది. ఎవరూ అడగకుండానే ఒక గ్లాసు ఎక్కువ తెచ్చింది. చాయ్ అయ్యాక హమీద్ లేచి, కాలిన మోటారు ఒకటి వహీద్ ముందుకు జరిపాడు. పాత తీగ తీసి శుభ్రం చేసిన గాడిలో కొత్త చుట్ట ఎట్లా దించాలో ఒకసారి చూపించాడు. వహీద్ అందుకుని తీగను గట్టిగా లాగాడు. అది మెలిపడింది.

"గట్ల గాదు," అన్నాడు హమీద్. స్టూలు అతనికి దగ్గరగా జరుపుకున్నాడు.