ఉప్పు ఐసులో ఇన్సులిన్

1998 జూన్‌లో నాకు పలాస ప్రాంతానికి ఆప్తాల్మిక్ అసిస్టెంటుగా పోస్టింగు వచ్చింది. చూపు పరీక్షించడం, అద్దాల నంబరు రాయడం, ఆపరేషను కేసులను డాక్టరుకు పంపడం నా పని. హోదాలో డాక్టరుకు రెండు మెట్లు కింద, గర్వంలో ఒక మెట్టు పైన ఉండేవాణ్ని. షుగరు రోగుల కోసం సొంతంగా పన్నెండు ప్రశ్నల జాబితా కూడా తయారుచేసుకున్నాను.

సముద్రపు ఒడ్డున బారువలో పెట్టిన కంటి శిబిరానికి నీలమ్మ తల్లితో వచ్చింది. ఇరవై రెండేళ్లు. వలలు బాగుచేస్తుంది. తొమ్మిదో ఏట నుంచి టైప్ వన్ షుగరు. ఒంట్లో ఇన్సులిన్ తయారవదు కనుక రోజూ సూది వేసుకోవాలి. చార్టు ఆఖరి వరుస దాకా గడగడా చదివేసి, "ఇంకా సిన్నచ్చరాలు లేవేటి బాబూ?" అంది.

చుక్కలు వేసి ఆప్తాల్మోస్కోపుతో చూశాను. కంటి వెనక తెర మీద సన్నటి రక్తనాళాలు బుడిపెలు కట్టి కారుతున్నాయి. కుడికంట్లో కొత్త నాళాలు పుట్టుకొచ్చాయి. వాటి గోడలు బలహీనం. ఏ రోజైనా పగిలి కంటినిండా రక్తం కమ్మవచ్చు. అప్పటిదాకా చూపు నిక్షేపంలా ఉంటుంది. ఈ జబ్బుకు మర్యాద తక్కువ, చెప్పి రాదు.

షుగరు ఏళ్లుగా అదుపు తప్పితే కళ్లు ఇలా అవుతాయి. జాబితా తీశాను. సూది మానేశావా? లేదు. మిఠాయిలు? లేదు. ఇన్సులిన్ చల్లగా ఉంచుతున్నావా? అవును. టిక్కు పెట్టి, అబద్ధమాడుతోందని తేల్చుకుని ఉపన్యాసం మొదలుపెట్టాను.

తల్లికి ఒళ్లు మండింది. "దొంగదాన్ని సూసినట్టు సూత్తావేటి? మందు ఎంత సల్లగుందో ఇంటికొచ్చి సూడు!"

వెళ్లాను. ఫ్రిజ్ లేదు, చేపల ఐసుపెట్టె ఉంది. తల్లి కవళ్ల చేపలను పక్కకు నెట్టి, అడుగునుంచి ఇన్సులిన్ సీసా తీసి నా చేతిలో పెట్టింది. రాయిలా ఉంది. ఐసు మరింత చల్లబడాలని ఉప్పు చల్లుతారట. ఉప్పు కలిస్తే ఐసు సున్నా డిగ్రీల కిందికి దిగుతుంది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా నమ్మదగిన మందు కాదు. నీలమ్మ రోజూ దాన్ని కరిగించి, కొలత తప్పకుండా పొడుచుకుంటోంది.

"సేప సెడదు గానీ మందు సెడిపోద్దా?" అంది తల్లి, నమ్మకుండా.

నీలమ్మ నా జాబితా వైపు చెయ్యి చాపింది. "ఆ కాయితం ఇలాగియ్యి బాబూ. అదీ పెట్లో ఎడతాను."

కొత్త సీసాను తడి ఇసుకలో కుండ పెట్టి అందులో ఉంచాం. విశాఖలో లేజరు చికిత్సకు తేదీ దొరికేలోపే కుడికన్ను రక్తంతో నిండింది. అందులో చూపు తిరిగి రాలేదు. ఎడమకన్ను లేజరుతో నిలిచింది. ఆ కంటితోనే వలలు అల్లుతోంది.

రిటైరయ్యే దాకా నా జాబితాలో మార్చింది ఒక్క ప్రశ్నే: "మందు ఎక్కడ పెడుతున్నావో చూపించు." దానికి టిక్కు చాలదు, నడిచి వెళ్లాలి.